కల్పిత భాషకు వయసు ఎలా వస్తుంది?

అందరికీ నమస్కారం.

ఫాంటసీ కథల్లో పాత్రలు మాట్లాడే కల్పిత భాషల గురించి చెప్పమన్నారు. ఈ విషయం ఎత్తగానే ఎక్కువమంది అడిగేది, "ఆ భాషలో ఎన్ని మాటలున్నాయి?" అని. నేను ముందు చూసేది వేరు. ఆ భాషకు వయసు ఉందా అని చూస్తాను. జనం నోళ్లలో నలిగిన భాష ఏదైనా అరిగి ఉంటుంది. ఎప్పుడో ఒక కారణం వల్ల మొదలైన మార్పు, ఆ కారణం పోయాక కూడా అలవాటుగా నిలిచిపోతుంది. ఒక క్రియ మిగతావాటి దారిలో నడవదు. పొరుగువాళ్ల మాటలు వచ్చి కలుస్తాయి. ఈ అరుగుదల లేని భాషకు ఎంత పెద్ద నిఘంటువు వేసినా అది నిన్న తయారైనట్టే ఉంటుంది. ఆ వయసు తెచ్చిపెట్టాలంటే, నిజమైన భాషలు ఎలా ముదిరాయో దగ్గరగా చూసి నేర్చుకోవడం తప్ప మరో దారి లేదు. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే.

భాషను కల్పించడం కొత్త సరదా ఏమీ కాదు. 12వ శతాబ్దంలో జర్మనీలో హిల్డెగార్డ్ ఆఫ్ బింగెన్ అనే క్రైస్తవ సన్యాసిని వెయ్యి పైచిలుకు మాటలతో 'లింగ్వా ఇగ్నోటా' తయారు చేసింది. 1516లో వచ్చిన థామస్ మోర్ 'యుటోపియా'లో ఆ ద్వీపం వాళ్ల అక్షరమాల ఉంది, వాళ్ల భాషలో నాలుగు పాదాల పద్యం కూడా ఉంది. ఇవి ముచ్చటైన ప్రయత్నాలే. కానీ హిల్డెగార్డ్ మాటలు లాటిన్ వాక్యాల్లోనే కూర్చున్నాయి. భాష లోపల ఒక చరిత్ర నడవాలి అన్న ఆలోచన ఇంకా రాలేదు.

ఆ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లిన మనిషి జె. ఆర్. ఆర్. టోల్కీన్. 1892లో పుట్టారు, 1973లో పోయారు. వృత్తి భాషాచరిత్ర. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చాక 1919, 20లలో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీలో పనిచేశారు. డబ్ల్యూతో మొదలయ్యే కొన్ని మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం అక్కడ ఆయన పని. తర్వాత లీడ్స్‌లో, ఆపైన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిష్ పాఠాలు చెప్పారు. ఒక మాట వెయ్యేళ్ల కిందట ఎలా ఉండేదో, ఏ మెట్టు మీద ఏ అక్షరం జారిపోయిందో చూడటమే ఆయన రోజువారీ పని.

చిన్నప్పుడు తన బంధువుల పిల్లలు జంతువుల పేర్లతో ఆడుకునే ఒక రహస్య భాష ఆయన విన్నారు. అందులో "కుక్క, నైటింగేల్, వడ్రంగిపిట్ట, నలభై" అంటే "నువ్వు గాడిదవి" అని అర్థం. నలభై అంటే గాడిద, గాడిద అంటే నలభై. ఈ సంగతి 1931లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ప్రసంగంలో ఆయనే చెప్పారు. ఆ ప్రసంగానికి పెట్టిన పేరు 'ఎ సీక్రెట్ వైస్'. భాషలు కల్పించడమనే చాటుమాటు వ్యసనం అన్నమాట. ఆ వ్యసనాన్ని ఆయన జీవితాంతం వదల్లేదు. కథలు ముందు పుట్టి వాటికి భాషలు అవసరమయ్యాయని మనం అనుకుంటాం. భాషలే ముందు పుట్టాయని, అవి బతకడానికి ఒక లోకం కావాల్సి కథలు రాశానని ఆయన 1955లో ఒక ఉత్తరంలో స్పష్టంగా చెప్పారు.

ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయనకు ఒక ఫిన్నిష్ వ్యాకరణం దొరికింది. ఎవరూ రుచి చూడని వైన్ సీసాలతో నిండిన గది దొరికినట్టయిందని తర్వాత రాసుకున్నారు. ఆ మత్తులోంచే క్వెన్యా పుట్టింది. ఆయన కథల్లో ఎల్ఫ్‌లు అనే మానవేతర జాతి ఉంటుంది, వాళ్ల ప్రాచీన భాష అది. కథాకాలానికి ఎవరి ఇంట్లోనూ మాట్లాడే భాష కాదు. పద్యాలకు, పట్టాభిషేకాలకు మిగిలిన భాష.

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో పట్టాభిషేకం రోజు ఆరగార్న్ అనే రాజు పలికే వాక్యంలోంచి మూడు మాటలు తీసుకుందాం. 'ఎఆరెల్లో ఎందోరెన్నా ఉతూలియెన్.' ఎఆర్ అంటే సముద్రం. 'ల్లో' అంటే 'నుంచి'. ఎందోర్ అంటే మధ్యలోకం. 'న్నా' అంటే 'కి'. చివరి మాట 'వచ్చాను'. అందులో ఆఖరి 'న్' వల్లే నేను అని తెలుస్తుంది. ఇప్పుడు దీన్ని తెలుగులో చెప్పండి: సముద్రం నుంచి మధ్యలోకానికి వచ్చాను. మాటల వరస మార్చాల్సిన పనే రాలేదు. 'నేను' అని విడిగా చెప్పాల్సిన పనీ రాలేదు. ఇంగ్లిష్ పాఠకుడికి ఇది ఎంతో విడ్డూరంగా, పురాతనంగా తోస్తుంది. విభక్తిని మాట చివర తగిలించే మనకు మాత్రం తెలిసిన దారిలో నడిచినట్టు ఉంటుంది. క్వెన్యాకు తెలుగుతో చుట్టరికం ఉందని నేను అనడం లేదు. ఫిన్నిష్ కూడా మనలాగే మాట వెనక ప్రత్యయాలు చేర్చుకుంటూ పోయే భాష. ఆ పోలిక ఫిన్నిష్ మీదుగా క్వెన్యాలోకి వచ్చింది.

సిందరిన్ దగ్గరికి వస్తే విషయం ఇంకా చిక్కనవుతుంది. ఇది కథాకాలంలో ఎల్ఫ్‌లు నిత్యం మాట్లాడే భాష. దీనికి ఆధారం బ్రిటన్‌లోని వేల్స్ ప్రజల భాష వెల్ష్. ఆ భాష అంటే టోల్కీన్‌కు ప్రాణం. దాని శబ్దాన్ని అరువు తెచ్చుకోవడంతో ఆయన ఆగలేదు, దాని అరుగుదలను కూడా తెచ్చుకున్నారు. అదేమిటో చూపించడానికి ముందు మన భాషలోకి ఒకసారి వద్దాం.

తల్లి, తండ్రి అని విడివిడిగా అంటాం. కలిపితే తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. 'త' కాస్తా 'ద' అయిపోయింది. బడిలో దీన్ని గసడదవాదేశం అని చదువుకున్నాం. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో సూత్రం రాశారు. ఆ సూత్రం తెలియని పిల్లవాడు కూడా 'తల్లితండ్రులు' కన్నా 'తల్లిదండ్రులు' అనే అలవోకగా అంటాడు.

వెల్ష్‌లో తండ్రిని 'తాద్' అంటారు. 'అతని తండ్రి' అనాలంటే 'ఎయ్ దాద్'. అదే త, అదే ద, అదీ తండ్రి అన్న మాట మీదే! 'ఆమె తండ్రి' అయితే 'ఎయ్ థాద్', ఇక్కడి 'థ' ఇంగ్లిష్‌లో థిన్ అనేటప్పటిది. గమనించారా, అతనికీ ఆమెకీ 'ఎయ్' ఒక్కటే. ఎవరి తండ్రో తెలియాలంటే తండ్రి అన్న మాట మొదటి అక్షరం వినాలి. ఇలా ఎందుకయింది? చాలా పూర్వం ఆ రెండు సర్వనామాలు వేరువేరుగా ఉండేవి. 'అతని' అన్నది అచ్చుతో ముగిసేది, రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న 'త' మెత్తబడింది. 'ఆమె' అన్నది 'స'తో ముగిసేది, దాని పక్కన 'త' ఇంకోలా మారింది. తర్వాత శతాబ్దాల్లో ఆ సర్వనామాల తోకలు రాలిపోయి రెండూ ఒకేలా తయారయ్యాయి. మార్పు తెచ్చిన అక్షరాలు ఇప్పుడు లేవు. మార్పు మాత్రం ఉంది, పైగా భాషలో ఒక పని కూడా చేస్తోంది.

ఇప్పుడు సిందరిన్. మాటను 'పెథ్' అంటారు. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో మోరియా అనే భూగర్భ నగరం ద్వారం ముందు గాండాల్ఫ్ అనే మాంత్రికుడు 'నా నాలుక పలికే మాట విను' అని ఆజ్ఞాపిస్తాడు. అక్కడ వినిపించేది 'లాస్తో బెథ్ లమ్మెన్'. పెథ్ కాస్తా బెథ్ అయింది. వెల్ష్‌లోనూ క్రియకు కర్మగా వచ్చిన నామం ఇలాగే మెత్తబడుతుంది. కథ చదువుతున్నవాడికి ఈ సంగతి తెలియక్కర్లేదు. కానీ ఆ వాక్యం నోట్లో తిరిగే తీరులో ఏదో పాతదనం తగులుతుంది. నా దృష్టిలో టోల్కీన్ గొప్పతనం ఇక్కడ ఉంది. పాఠకుడు ఎప్పటికీ గుర్తుపట్టకపోవచ్చని తెలిసి కూడా ఆ తోక రాలిపోయిన చరిత్రను ఆయన ముందే రాసి పెట్టుకున్నారు.

ఇదే 'పెథ్' అన్న మాటను క్వెన్యాలో చూడండి. అక్కడ 'క్వెట్టా'. రెండూ ఒకే మూలధాతువు బిడ్డలు. మూలభాషలోని 'క్వ' ఒక ఇంట్లో అలాగే ఉండిపోయింది, ఇంకో ఇంట్లో 'ప' అయింది. ఇదేదో ఊహించి పెట్టింది కాదు. నాలుగు అన్న అంకెను లాటిన్‌లో 'క్వాత్తువోర్' అంటారు, వెల్ష్‌లో 'పెద్వార్' అంటారు. ఐరిష్‌లో అది 'క'తో మొదలవుతుంది. మనకు తెలిసిన సంస్కృతం 'చత్వారి' కూడా ఆ కుటుంబపు మాటే. యూరప్ భాషల్లో నిజంగా జరిగిన మార్పును ఆయన తన ఎల్ఫ్‌ల వంశచరిత్రలో మళ్లీ జరిపించారు. విడిపోయిన రెండు జాతుల కథ ఒకే మాట రెండు రూపాల్లో దాగి ఉంది.

ఆయన లిపి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని మనలాంటివాళ్లు చూసే చూపే వేరు. దాని పేరు తెంగ్వార్. ఒక నిలువు గీత, దానికి ఒక వంపు, అక్షరానికి ఇదే ఆధారం. వంపు ఒకటి ఉంటే 'త', రెండు ఉంటే 'ద'. ఆ వంపును ఒక గీతతో మూసేస్తే 'ప', దాన్ని రెట్టింపు చేస్తే 'బ'. నిలువు గీతను పైకి లాగితే ఆ వర్గంలోనే ఊదుతూ పలికే ధ్వని. గీతను పొట్టి చేస్తే అనునాసికం. అంటే నోట్లో ఎక్కడ పుడుతుంది, ఎలా పుడుతుంది అన్నదాన్ని బట్టి వర్గాలు కట్టారు. మన కవర్గం, తవర్గం, పవర్గం లాగా. మన వర్ణమాలలో ఆ క్రమం పట్టికలో ఉంటుంది, తెంగ్వార్‌లో అక్షరం ఆకారంలోనే కనిపిస్తుంది. ఇక అచ్చులను సాధారణంగా హల్లు నెత్తిన చిన్న గుర్తులుగా పెడతారు. గుణింతం నేర్చుకున్నవాళ్లకు దీన్ని వివరించే పనే లేదు.

టోల్కీన్ తర్వాత చాలామంది ఈ పనిలోకి వచ్చారు. అందరి గురించీ చెప్పలేను. ఆయన దారిలోనే నడిచి, ఇంకో రకం ఇబ్బందిని అందంగా దాటినవాడు డేవిడ్ జె. పీటర్సన్. 'గేమ్ ఆఫ్ త్రోన్స్' సీరియల్ కోసం 2009లో పెట్టిన పోటీలో గెలిచి డోత్రాకి భాషను, తర్వాత హై వలేరియన్‌ను తయారు చేశారు. నవలల రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తన పుస్తకాల్లో ఈ భాషలవి కొన్ని పేర్లు, కొన్ని ముక్కలు మాత్రమే వాడారు. పీటర్సన్ వాటిని మార్చడానికి లేదు. వలేరియన్‌కు ఉన్న ప్రసిద్ధ వాక్యం 'వలార్ మోర్గూలిస్', మనుషులందరూ చావాల్సిందే అని. రెండు మాటల్లోనే 'అందరూ' ఎక్కడుంది? 'వలార్' లోనే ఉండాలి. అందుకని ఆయన ఏకవచనం, బహువచనంతో పాటు 'మొత్తం గుంపు'ను చెప్పే వచనం ఒకటి, 'కొద్దిమంది'ని చెప్పే వచనం ఒకటి, మొత్తం నాలుగు వచనాలు పెట్టారు. ఎవరో విసిరిన ఒక్క మాటలోంచి వ్యాకరణం మొలిచింది. భాషాశాస్త్రజ్ఞులు పాత శాసనంలో మిగిలిన ముక్కను పట్టుకుని పోయిన భాషను ఊహించే పద్ధతి ఇదే.

వలేరియన్ సామ్రాజ్యం కూలిపోయాక ఆ భాష ఊరికో రకంగా మారిపోయింది. లాటిన్‌లోంచి ఫ్రెంచి, స్పానిష్ వచ్చినట్టు. బానిసల వ్యాపారం చేసే నగరాల యాసలో విభక్తులు చాలావరకు రాలిపోయి ఉంటాయి. డోత్రాకిలో మాత్రం జీవనమే భాషను మలిచింది. గుర్రం మీద బతికే జాతి కాబట్టి ఎలా ఉన్నావని అడగాలంటే 'బాగా స్వారీ చేస్తున్నావా' అని అడుగుతారు.

ఇక్కడ నాకు ఒక బాధ ఉంది. దాన్ని దాచుకోకుండా చెప్తాను.

కల్పిత భాషల్లో మంచివాళ్ల భాష తీయగా, చెడ్డవాళ్ల భాష కరుకుగా ఉండటం రివాజైపోయింది. టోల్కీన్ కూడా ఈ పని చేశారు. తన కథలోని దుష్టుడు సౌరాన్ కోసం కల్పించిన బ్లాక్ స్పీచ్ అనే భాష అంటే ఆయనకే రోత. కథలో సౌరాన్ మాయా ఉంగరం మీద ఆ భాషలో ఉన్న అక్షరాలు చెక్కిన లోహపు పాత్రను ఒక అభిమాని పంపితే, అందులో ఏనాడూ ఏమీ తాగలేదు, పొగాకు బూడిద రాల్చుకోవడానికి వాడుకున్నారు. తన భాష మీద అంత నమ్మకం ఉన్న మనిషి ఆయన. కానీ 'కరుకు' అన్నది ఎవరి చెవికి? ఒక ఉదాహరణ చెప్తాను. నాలుక కొసను పళ్ల వెనక ఆనించి పక్కలనుంచి గాలి వదిలితే వచ్చే 'ల' లాంటి ధ్వని వెల్ష్‌లో ఉంది. దానికి దగ్గరి ధ్వని సిందరిన్‌లో ఉంది, అక్కడ అది ఎల్ఫ్‌ల సొగసు. అంతరిక్ష కథల 'స్టార్ ట్రెక్'లో యుద్ధప్రియులైన క్లింగాన్‌ల భాషలో 'త' జోడించి దాదాపు అదే ధ్వని పెట్టారు, అక్కడ అది మొరటుదనం. మెక్సికోలోని నాహువాతల్ భాషలో తల్లులు పిల్లల్ని లాలించేది కూడా ఆ ధ్వనితోనే. టొమాటో అన్న మాట ఆ భాషలోదే, దాని చివర ఉన్న ఆ ధ్వని స్పానిష్ నోళ్లలో పడి పోయింది. ధ్వనిలో మంచీ చెడూ లేవు. పలికే పాత్రకు వేసిన వేషమే మన చెవిని నడిపిస్తుంది.

'బాహుబలి'లో కాలకేయుల భాష కిలికి మనందరికీ తెలుసు. 2015 సినిమా కోసం మదన్ కార్కి దాన్ని 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో కట్టారు. 'నేను'కి 'మిన్', దాన్ని తిరగేస్తే 'నువ్వు', 'నిమ్'. ఎంత చక్కటి ఊహ! 2020లో మాతృభాషా దినోత్సవం రోజున నేర్చుకునేవాళ్ల కోసం దాని వెబ్‌సైట్ కూడా వచ్చింది. కానీ తెర మీద ఆ భాషకు దక్కిన పాత్ర ఏమిటి? నల్లరంగు పూసుకున్న భయంకర మూక నోట్లో అరుపు. అందులో వినిపించే, నాలుకతో టక్కుమనిపించే ధ్వనులు దక్షిణాఫ్రికాలో కోసా, జులు మాట్లాడే లక్షల మంది రోజూ పలికే అక్షరాలు. ఒక ధ్వనిని క్రూరత్వానికి గుర్తుగా వాడినప్పుడు, ఆ ధ్వని ఎవరి ఇంటిదో కూడా ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం. టోల్కీన్ మరుగుజ్జుల భాషకు హీబ్రూ, అరబిక్ లాంటి సెమిటిక్ భాషల పద్ధతి వాడారు. మూడు హల్లుల ధాతువు, అచ్చులు మారితే అర్థం మారుతుంది. మరుగుజ్జులను చూస్తే యూదులు గుర్తుకు రారా అని ఆయనే ఒక ఇంటర్వ్యూలో అన్నారు. ఇల్లు పోగొట్టుకుని పరాయి భాషలు మాట్లాడుతూ తమ భాషను లోపల దాచుకున్న జాతి అన్నది ఎంతో గౌరవంగా రాసిన చిత్రం. కానీ అదే జాతికి బంగారం పిచ్చి కూడా అంటగట్టి ఉంది. భాషను అరువు తెచ్చుకుంటే దాని మనుషుల మీద లోకంలో ఉన్న అభిప్రాయాలు కూడా వెంట వచ్చేస్తాయి.

క్లింగాన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, అది ఫాంటసీ కాకపోయినా, దాని వెనక ఉన్న మనిషి గురించి చెప్పాలి. మార్క్ ఓక్రండ్ భాషాశాస్త్రజ్ఞుడు. 1977లో బర్కిలీలో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథం కాలిఫోర్నియాలోని మూలవాసుల భాష ముత్సున్ వ్యాకరణం. అప్పటికే ఆ భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు లేరు. దాన్ని ధారాళంగా మాట్లాడిన ఆఖరి మనిషిగా చెప్పుకునే అసెన్సియన్ సొలోర్సానో అనే పెద్దావిడ 1930లో చనిపోయింది. ఆమె దగ్గర కూర్చుని జాన్ హారింగ్టన్ అనే భాషా పరిశోధకుడు రాసుకున్న నోట్స్, అంతకు ముందు ఒక మత గురువు చేసిన సేకరణ, ఇవే ఆధారం. ఓక్రండ్ ఆ కాగితాల్లోంచి వ్యాకరణం తేల్చారు. తర్వాత 1984లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమా కోసం క్లింగాన్ కట్టినప్పుడు, భూమ్మీద అరుదుగా కనిపించే లక్షణాలు ఏరి పెట్టారు. ముందు కర్మ, తర్వాత క్రియ, చివర కర్త.

క్లింగాన్‌కు ప్రపంచమంతా పేరొచ్చింది. ముత్సున్ వారసులు తమ పూర్వీకుల భాషను మళ్లీ నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు వాళ్లకు ఆసరా అయినవాటిలో ఓక్రండ్ వ్యాకరణం ఒకటి. 2016లో ముత్సున్ నిఘంటువు కూడా అచ్చయింది. కల్పిత భాష కోసం గంటలు ఖర్చుపెట్టే కుర్రవాళ్లను చూసి, ఇదంతా టైమ్ వేస్ట్ అనే పెద్దవాళ్లకు నేను ఈ సంగతి చెప్తుంటాను. భాష ఎలా కట్టి ఉంటుందో తెలిసిన చేతులు, కూలిపోయిన భాషను నిలబెట్టడానికీ పనికొస్తాయి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

[శ్రోతల్లోంచి ఒక అమ్మాయి: "నేను ఫాంటసీ నవల రాస్తున్నానండీ. టోల్కీన్‌లా ముప్ఫై నలభై ఏళ్లు భాష మీద కూర్చోలేను కదా. నాలాంటివాళ్లు ఏం చెయ్యాలి?"]

మంచి ప్రశ్నమ్మా. నీకు పూర్తి భాష అక్కర్లేదు. చాలా నవలల్లో పాఠకుడికి తగిలేది మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, ఒకటో రెండో తిట్లు, ఒక దీవెన. అంతే. ముందు ఆ భాషలో ఏ ధ్వనులు ఉన్నాయో, ముఖ్యంగా ఏవి లేవో తేల్చుకో. లేని ధ్వని ఒక్క పేరులో కూడా రాకూడదు. ఆ తర్వాత మ్యాప్ తీసుకుని, అందులో రెండు భాషలు పెట్టుకో. ఒకటి ఇప్పటి జనానిది, రెండోది వాళ్లకంటే ముందు అక్కడ ఉన్నవాళ్లది.

ఇంగ్లండ్‌లో ఏవన్ అనే నదులు ఉన్నాయి. వెల్ష్‌లో 'అవోన్' అంటేనే నది. కొత్తగా వచ్చిన ఇంగ్లిష్ వాళ్లకు ఆ అర్థం తెలియక అదే పేరనుకున్నారు, రివర్ ఏవన్ అయింది. అంటే 'నది నది'. బకింగ్‌హామ్‌షర్‌లో బ్రిల్ అనే ఊరుంది. 'బ్రె' అంటే పాత కెల్టిక్ భాషలో కొండ, దానికి ఇంగ్లిష్ 'హిల్' కలిసింది. కొండకొండ. టోల్కీన్ తన కథలోని బ్రీ అనే ఊరికి దీన్నే నమూనాగా పెట్టుకున్నారు. ఊరు బ్రీ, దాని పక్కన కొండ బ్రీ-హిల్. ఆ కొండ పేరును అక్కడి పాత్రలెవరూ వివరించరు, వాళ్లకు తెలియదు కూడా.

కాబట్టి నీ మ్యాప్‌లో నదులకు, కొండలకు పాత భాష పేర్లు పెట్టు. ఊళ్లకు, వంతెనలకు కొత్త భాష పేర్లు పెట్టు. పాత భాషలో మూడక్షరాల పేరు ఇప్పటి జనం నోట్లో రెండక్షరాలు కావాలి, అదీ అన్ని పేర్లలో ఒకే రకంగా అరగాలి. ఒక చోట 'క' పోతే అన్ని చోట్లా పోవాలి. తర్వాత ఒకే ఒక్క పేరును, ఏదో గుడిదో కోటదో, అరగకుండా పాత రూపంలోనే వదిలెయ్. ఆ చోటుకు జనం భయపడతారో, మొక్కుతారో, ఎందుకు దాని పేరు ఎవరూ మార్చలేదో నీకే తోచడం మొదలవుతుంది. అక్కడి నుంచి రాసుకుంటూ పో.